పెదవి కుట్టి చేతులు దులుపుకున్నాం

ఆ పిల్లాడు మాస్కు ఎందుకు తీయడం లేదు?

కరోనా పోయి ఎన్నాళ్ళయింది? మీరు తీసేశారు. నేనూ తీసేశాను. తార్నాక మెట్రో ఎక్కండి, పెట్టె మొత్తం వెతకండి, మూతికి గుడ్డ కట్టుకున్న మనిషి కనబడడం గగనం. ఉస్మానియా క్యాంపస్‌లో చెట్టు కింద ఇండియన్ పాలిటీ పుస్తకం ముందేసుకుని కూర్చున్న ఆ పాతికేళ్ళ కుర్రాడికి మాత్రం ఉంది. ఒకప్పుడు నీలం రంగు. ఉతికి ఉతికి తెల్లబడింది.

రోజూ ఆ దారినే నడుస్తారు కదా మీరు? ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి చేతులు ఊపుకుంటూ, ఫోనులో అడుగులు లెక్కపెట్టుకుంటూ. ఎప్పుడైనా అనుమానం వచ్చిందా?

నాకూ రాలేదు. చాయ్ బండి దగ్గర వచ్చింది.

గ్లాసు అందుకున్నాడు. నాలుగడుగులు పక్కకు పోయాడు. గోడవైపు తిరిగాడు. మాస్కు గడ్డం కిందికి లాగి, పొగలు కక్కే చాయ్‌ని రెండు గుక్కల్లో మింగి, మళ్ళీ పైకి లాక్కుని అప్పుడు మనుషులవైపు తిరిగాడు. నాలుక కాలితే కాలనీ. ముఖం కనబడకూడదు.

ఆ రెండు గుక్కల మధ్య నేను చూశాను. ముక్కు కింద నుంచి పెదవి దాకా సన్నటి గీత. బాగానే మానింది. కుట్టిన చెయ్యి మంచి చెయ్యే. కానీ ముఖం నడిమి భాగం లోపలికి పోయింది. పై దవడ వెనకబడింది, కింది దవడ ముందుకొచ్చింది. కింది పళ్ళు పై పళ్ళను దాటి నిలబడ్డాయి. ముక్కు ఒక పక్కకు ఒరిగింది.

"అయిదు నెలలప్పుడే ఆపరేషన్ చేసిండ్రంట ఆంటీ," అన్నాడు, మాట కలిసిన చాలా రోజులకు. "చిన్నప్పుడు ఇట్ల లేకుండె. ఫోటోలున్నయి, మంచిగనే ఉన్న. ఎనిమిది, తొమ్మిది క్లాసుల కెల్లి ఇట్లయింది."

తర్వాత ఇంకో మాట. నవ్వుతూ.

"గ్రూప్స్‌కు ఇంటర్వ్యూలు తీసేసిండ్రు కద. బతికిపోయిన."

విన్నారా? 2022లో తెలంగాణ ప్రభుత్వం గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. పైరవీలు పోతాయని మీరూ నేనూ సంబరపడ్డాం. ఈ పిల్లాడు ఇంకెందుకో సంబరపడ్డాడు. అయిదుగురు పెద్దమనుషుల ముందు కూర్చుని నోరు తెరవక్కర్లేదని!

పుట్టినప్పుడు గ్రహణం మొర్రి. అయిదో నెలలో పెదవి కలిపారు. ఏడాది దాటాక అంగిలి కూడా కుట్టారు. ఆ తర్వాత?

ఆ తర్వాత ఏమీ లేదు. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు.

మీకు ఆ ఫోటోలు తెలుసు. ఎడమపక్క పెదవి చీలిన పసిబిడ్డ, కుడిపక్క పెదవి కలిసిన పసిబిడ్డ. మధ్యలో ఒక బాణం గుర్తు. పేపర్లో చూశారు, వాట్సాప్‌లో పంపారు, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టారు. 2009లో మీర్జాపూర్ జిల్లా పిల్ల మీద తీసిన 'స్మైల్ పింకీ'కి ఆస్కార్ వస్తే దేశం దేశమే మురిసింది. మురవడంలో తప్పు లేదు. ఆ సినిమా వల్ల ఎంతోమంది తల్లులకు ఇది నయమయ్యేదని తెలిసింది. కానీ సినిమా అయిపోయింది కాబట్టి జబ్బు కూడా అయిపోయిందనుకున్నది ఎవరు?

మనమే.

నేనూ ఆ గుంపులోదాన్నే, దాచను. ఎన్నో ఏళ్ళ కిందట ఓ ఉచిత శిబిరానికి వాలంటీరుగా పోయాను. అరటిపళ్ళు పంచాను. ఫ్లెక్సీ ముందు నిలబడి ఫోటో దిగాను. తల్లులు ఏడుస్తుంటే నేనూ కళ్ళు తుడుచుకున్నాను. వాళ్ళ పేర్లు రాసుకున్న పుస్తకం ఆ సాయంత్రమే ఎవరి సంచిలోకో పోయింది. ఏ సంచో ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఆ పిల్లలకు ఇప్పుడు మీసాలొచ్చి ఉంటాయి. మీసం ఆ గీత దగ్గర మొలుస్తుందా లేదా అని అద్దంలో చూసుకుంటూ ఉంటారు.

ఒక్క సంగతి అర్థం చేసుకోవడానికి మనకు ఇంత కష్టమెందుకు? ముఖం పెరుగుతుంది. అయిదు నెలల ముఖం పద్దెనిమిదేళ్ళ దాకా పెరుగుతూనే ఉంటుంది. చొక్కా చినిగితే కుట్టి ఊరుకోవచ్చు. చొక్కా పెరగదు.

బిడ్డ కడుపులో పడ్డ నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు పై పెదవి ముక్కలు దగ్గరికొచ్చి అతుక్కోవాలి. అంగిలి ఆ తర్వాత, పన్నెండో వారం లోపు. అతుక్కోకపోతే చీలిక. చీలిక ఉన్న అంగిలిని తొమ్మిది నెలలు, ఏడాదిన్నర మధ్యలో కుడతారు. ఎందుకంత తొందర? మాట కోసం. అంగిలి మూయకుండా మాటలు నేర్చుకునే వయసు దాటిపోతే గాలంతా ముక్కులోంచి పోతుంది. 'బాబు' అనబోతే 'మాము' అన్నట్టు వినబడుతుంది. కాబట్టి కుట్టాలి, తప్పదు.

కుట్టడానికి అంగిలి మీది పొరను ఎముక నుంచి లేపి నడిమికి జరుపుతారు. పక్కల ఎముక బోసిగా మిగులుతుంది. అది మానేటప్పుడు మచ్చ కడుతుంది. కాలిన గాయం మానాక చర్మం ఎలా గుంజుకుపోతుందో చూశారు కదా? అంగిలిలోనూ అదే. పిల్లాడు పెరుగుతుంటాడు, మచ్చ పై దవడను పెరగనివ్వకుండా పట్టుకుని ఉంటుంది. కింది దవడకు అడ్డు లేదు, అది తన దారిన ముందుకు పోతుంది. బాల్యంలో పెద్దగా కనబడదు. పన్నెండు, పద్నాలుగేళ్ళకు ఒళ్ళు ఒక్కసారిగా సాగే రోజుల్లో తేడా బయటపడుతుంది. అద్దం ముందు గంటలు గంటలు నిలబడే వయసది.

ఇదేమీ రహస్యం కాదు. 1984 నుంచి మైకేల్ మార్స్ అనే ఇంగ్లండు దంతవైద్యుడు, ఆయన బృందం శ్రీలంక వెళ్ళి అసలు ఆపరేషనే జరగకుండా పెద్దవాళ్ళయిన మనుషులను వెతికి పరీక్షించారు. పెదవి చీలి ఉంది, అంగిలి తెరిచి ఉంది, కానీ పై దవడ మాత్రం దాదాపు మామూలుగా పెరిగింది. అంటే పెరిగే శక్తి ఆ దవడకు పుట్టుకతోనే ఉంది. ఆపుతున్నది చాలావరకు మన కత్తి మిగిల్చిన మచ్చ. అలాగని వాళ్ళు సుఖంగా ఉన్నారా? లేరు. మాట ఎవరికీ అర్థం కాదు. కుడితే ముఖం ఆగుతుంది, కుట్టకపోతే మాట పోతుంది. ఈ ఇరకాటానికి వైద్యం కనిపెట్టిన దారి ఒక్కటే. కుట్టాలి, కుట్టాక పద్దెనిమిదేళ్ళు వదలకుండా చూడాలి.

రెండో సగం ఎక్కడ పోయింది?

1987లోనే లండన్, ఆస్లో డాక్టర్లు కలిసి పిల్లల పళ్ళ అచ్చులను అయిదు తరగతులుగా విడదీసే కొలమానం తయారుచేశారు. ఒకటి, రెండు అయితే మంచిది. నాలుగు అయితే పెద్దయ్యాక దవడ కోయాల్సి రావచ్చు, అయిదు అయితే కోయక తప్పదు. పదేళ్ళ పిల్ల పళ్ళ అచ్చు చూసి పద్దెనిమిదేళ్ళ ముఖం చెప్పగలిగే విద్య మనిషి చేతికొచ్చి నాలుగు దశాబ్దాలు కావస్తోంది. మన పిల్లల అచ్చులు ఎవరు తీశారు? ఏ బీరువాలో ఉన్నాయి?

ఏడెనిమిదేళ్ళకు పై దవడను మెల్లగా వెడల్పు చేయొచ్చు. ముఖానికి పట్టీ తొడిగి, రబ్బరు బ్యాండ్లతో దవడను ముందుకు లాగొచ్చు. ఎనిమిది, పదకొండేళ్ళ మధ్య, కోరపన్ను దిగక ముందే, తుంటి ఎముకలోంచి చెంచాడు గుజ్జు తీసి పై చిగురులో ఉన్న చీలికలో నింపితే ఆ కొత్త ఎముకలోంచి పన్ను తనంతట తాను దిగుతుంది. పన్ను దిగాక చేస్తే ఆ ఫలితం రాదు. ఎదుగుదల ఆగాక, ఆడపిల్లకు పదహారు, పదిహేడు, మగపిల్లాడికి పద్దెనిమిది దాటాక, అప్పటికీ తేడా మిగిలితే పై దవడను కోసి ముందుకు జరిపి టైటానియం రేకులతో బిగిస్తారు. 1901లో రెనె లెఫోర్ అనే ఫ్రెంచి సర్జను ముఖం ఎముకలు ఏ గీతల వెంట పగులుతాయో చూపించాడు. ఈనాటికీ ఆ మొదటి గీత వెంటే కోస్తారు. చాలా దూరం జరపాల్సి వస్తే స్క్రూ ఉన్న పరికరం బిగించి, తిప్పుకుంటూ, రోజుకో మిల్లీమీటరు చొప్పున జరుపుతారు.

రోజుకో మిల్లీమీటరు! అంత ఓపిక ఉన్న విద్య ఇది. ఓపిక లేనిది మనకు.

ఇక ఆ పేరు సంగతి. గ్రహణం మొర్రి.

గ్రహణానికీ మొర్రికీ ఏమిటండీ సంబంధం? కడుపుతో ఉన్న కోడలిని గదిలో పెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టి, కత్తి ముట్టొద్దు, కూర తరగొద్దు, కదలొద్దు అని కాపలా కాసే అత్తగారూ, ఒక్క ప్రశ్న. ఎన్నో నెలలో పెట్టారు గదిలో? అయిదో నెల? ఏడో నెల? పెదవి ఏడో వారంలోనే కలిసిపోయింది. లేదా కలవకుండా మిగిలిపోయింది. మీ కోడలికి నెల తప్పిందని మీకు తెలిసేనాటికే ఆ కథ దాదాపు ముగిసింది. మీరు కాపలా కాసింది ఎవరికి?

1980 ఫిబ్రవరి 16. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళ జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో దేశదేశాల శాస్త్రవేత్తలు దుర్భిణులు పెట్టుకుని సంపూర్ణ సూర్యగ్రహణం చూశారు. అదే మధ్యాహ్నం జనం తలుపులు బిడాయించుకుని కూర్చున్నారు. గ్రహణాన్ని కొలిచిన విశ్వవిద్యాలయం మనది. ఆ విశ్వవిద్యాలయం చెట్ల కింద ఇవాళ ఒక పిల్లాడు సూర్యుడి పాపాన్ని మాస్కు వెనక దాచుకుని చదువుకుంటున్నాడు. 2022 అక్టోబరు 25న పాక్షిక గ్రహణం వచ్చింది. తార్నాకలో పీహెచ్‌డీలు చేసినవాళ్ళ ఇళ్ళలోనే గర్భిణులను మంచం దిగనివ్వలేదు. నేను చూసిన ఇళ్ళే ఇవి. (మెక్సికోలో చంద్రుడు కొరికాడంటారట. మనవాళ్ళకు తోడు దొరికారని సంతోషించండి.)

పేరులో ఏముందంటారా? నిందంతా పేరులోనే ఉంది. గ్రహణం అనగానే చూపు తల్లివైపు తిరుగుతుంది. నువ్వే బయటికెళ్ళావు, నువ్వే గోక్కున్నావు, నువ్వే కత్తి పట్టావు. వంశంలోంచి వచ్చిందేమో, మేనరికమేమో, మూర్ఛకు వేసుకున్న మందేమో, షుగరేమో, ఇంట్లో పొగాకు పొగేమో అని ఎవరూ అడగరు. చాలాసార్లు ఏ ఒక్క కారణమూ తేలదు కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో లెక్క తీస్తే వెయ్యి కాన్పులకు 1.09 మంది ఈ చీలికతో పుడుతున్నారని తేలింది. మేనరికపు పెళ్ళిళ్ళతో సంబంధం గట్టిగా కనబడింది. మేనమామకు పిల్లనిచ్చేటప్పుడు ఆ లెక్క ఎవరైనా చదివారా? ఆస్తి బయటికి పోదనే లెక్క తప్ప!

వెయ్యికి ఒకరే కదా అనకండి. తెలంగాణలో ఏడాదికి ఆరు లక్షల కాన్పులనుకోండి. ఆరువందల మందికి పైగా. పద్దెనిమిదేళ్ళు పెరిగే ముఖాలు కాబట్టి పద్దెనిమిదితో హెచ్చించండి. పదకొండు వేలు దాటుతాయి. ఈ క్షణాన, మీరిది చదువుతుండగా, పదకొండు వేల ముఖాలు ఎటో ఒకవైపు పెరుగుతున్నాయి.

ఎటు పెరుగుతున్నాయో చూస్తున్నది ఎవరు?

టిఫా స్కాన్‌లో పెదవి చీలిక కనబడగానే నయమవుతుందన్న మాటైనా వినకుండా 'తీయించేద్దామా' అని గుసగుసలాడడం, పుట్టాక బిడ్డను బారసాలకు కూడా బయటికి తేకుండా దుప్పట్లో దాచడం, పాలు ముక్కులోంచి పొంగి వస్తుంటే దెయ్యం పట్టిందనడం, ఉగ్గుగిన్నెతో, బిడ్డను కాస్త నిటారుగా పట్టుకుని, చుక్క చుక్కగా పోయాలని ఆ పచ్చి బాలెంతకు ఒక్కరూ చూపించకపోవడం, బరువు పెరగక ఆపరేషన్ వాయిదా పడితే తల్లి పాలకే దోషం అంటగట్టడం, కుట్లు విప్పిన రోజున ఫోటో తీసుకుని మరుసటి రోజు నుంచి ఫోన్ ఎత్తకపోవడం, అంగిలి కండరాలే చెవి గొట్టాన్నీ తెరవాలి కాబట్టి చెవిలో నీరు చేరి పిల్లాడికి సగమే వినబడుతుంటే వెనక బెంచీలో కూర్చోబెట్టి మొద్దు అని పేరు పెట్టడం, ఎక్కాలు అప్పజెప్పమని నిలబెట్టి ముక్కుతో పలికితే క్లాసు క్లాసంతా నవ్వుతుంటే మాస్టారూ నవ్వు ఆపుకోలేకపోవడం, పేరు ఉండగా 'మొర్రోడా' అని పిలవడం, సినిమాలో ముక్కుతో మాట్లాడే పాత్ర రాగానే కుటుంబ సమేతంగా పగలబడి నవ్వి బయటికొచ్చి పాప్‌కార్న్ చేతులు తుడుచుకోవడం, చిగురులో ఎముక నింపాల్సిన వయసులో 'పాలపళ్ళే కదా, ఊడిపోతాయి' అని పంపేయడం, దవడ తేడా బయటపడే రోజుల్లోనే పిల్లాణ్ణి ఇంటర్ హాస్టల్లో పడేసి, నెలకోసారి క్లిప్పులు బిగించుకునేందుకు ఔటింగ్ అడిగితే 'ర్యాంకు కావాలా, పళ్ళు కావాలా' అని అరవడం, పుట్టుకతో వచ్చిన పైకి కనబడే లోపమని ఇన్సూరెన్సు పాలసీల్లో సన్న అక్షరాల్లో పక్కన పెట్టడం, ఆడపిల్లయితే పెళ్ళిచూపుల్లో ఫోటో ఒక పక్క నుంచే తీయించి పంపడం, మగపిల్లాడయితే 'కౌంటర్‌లో వద్దు, వెనక గోడౌన్‌లో చేస్తావా' అని అడగడం, ఇన్ని చేశాక 'ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకేం బాధ' అని వాణ్ణే నిలదీయడం!

ఊపిరి ఆడుతోందా? వాళ్ళకు ఇరవై ఏళ్ళుగా ఇదే.

విద్య లేదంటారా? తార్నాకలో నిలబడి ఆ మాట అనండి చూద్దాం.

జాతీయ పోషకాహార సంస్థ ఇక్కడే ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదుకొచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయమూ 1918లో పుట్టిందే, ఇద్దరూ ఒక ఈడు వాళ్ళు, ఒక గోడ పక్కవాళ్ళు. ఆపరేషన్‌కు బిడ్డ సిద్ధం కావాలంటే సర్జన్లు పాత సూత్రం ఒకటి చెబుతారు. పది వారాల వయసు, పది పౌండ్ల బరువు, అంటే నాలుగున్నర కిలోలు, పది గ్రాముల హిమోగ్లోబిన్. అంటే మొదటి యుద్ధం కత్తితో కాదు, ఉగ్గుగిన్నెతో. దేశానికి ఏం తినాలో చెప్పే సంస్థ పక్కనున్న బస్తీలో ఒక తల్లి గిన్నె పట్టడం తెలియక రాత్రంతా ఏడుస్తుంటే, ఆ గోడకు ఇటు వైపు ఉన్న మనం ఏం చేస్తున్నాం? పార్కింగ్ గురించి కొట్టుకుంటున్నాం.

మాట సంగతి చూడండి. భద్రిరాజు కృష్ణమూర్తి గారు భాషాశాస్త్ర శాఖను నడిపిన క్యాంపస్ ఇది. 1958లో మొదలైన ఇంగ్లీషు సంస్థ, ఇప్పటి ఇఫ్లూ, ఇదే ఆవరణ అంచున ఉంది. 'ప'కు పెదవులు మూయాలి, 'క'కు అంగిలి వెనక భాగం మూసుకోవాలి, గాలి ముక్కులోకి పోకూడదు, ఇదంతా పాఠం చెప్పడానికి ఇక్కడ కొదవలేదు. వంద మీటర్ల అవతల ఒక పిల్లకు 'పాప' అనడం రావడం లేదు.

సర్జన్లు లేరా? సైదాబాద్‌లో డాక్టర్ గోస్లా శ్రీనివాస రెడ్డి నడిపే ఆసుపత్రి ముఖం, దవడల శస్త్రచికిత్సకే ప్రత్యేకం. వెయ్యికి 1.09 అన్న ఆ లెక్క తేల్చినవాళ్ళలో ఆయన ఒకరు. డబ్బు లేదా? ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది. పథకం లేదా? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లలను చూస్తామంది. చూడాల్సిన లోపాల్లో మొర్రి పేరు స్పష్టంగా ఉంది. పద్దెనిమిదేళ్ళు! కాగితం మీద ప్రభుత్వమే ఒప్పుకుంది, ముఖం పద్దెనిమిదేళ్ళు పెరుగుతుందని. ఆ కాగితం పట్టుకుని ఏ అంగన్‌వాడీలోనైనా, ఏ బడిలోనైనా 'మా వాడలో పెదవి కుట్టిన పిల్ల ఉంది, దాని పళ్ళు చూశారా' అని మీరు అడిగారా? గణేశ్ మండపానికి పర్మిషన్ కోసం ఎన్ని ఆఫీసులు తిరుగుతారు?

2016 దివ్యాంగుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు. ఆ జాబితాలో దీని పేరు లేదు. వైకల్యం కాదట, అందం సంగతట! నమలలేని నోరు అందమా? వినబడని చెవి అందమా? వేడి చాయ్‌ని రెండు గుక్కల్లో మింగించే భయం అందమా?

చైనాలో పదహారు వందల ఏళ్ళ కిందట వేయ్ యాంగ్‌చీ అనే కుర్రాడి పెదవి కుట్టారని చరిత్ర. కుట్టాక నూరు రోజులు గంజి మాత్రమే తాగాలి, మాట్లాడకూడదు, నవ్వకూడదు అన్నారు వైద్యులు. తర్వాత అతను పెద్ద అధికారి అయ్యాడు. ఆ కాలంలోనే కుట్టాక నూరు రోజుల మాట ఆలోచించారు. మనం కుట్టాక నూటొకటో రోజు సంగతి ఆలోచించం.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌కు రండి.

నాలుగిళ్ళలో పనిచేసే అమ్మాయి ఒకామె ఉంది. మాణికేశ్వర్ నగర్ నుంచి క్యాంపస్ లోపలి దారినే నడిచి వస్తుంది. సెలవు రోజుల్లో కూతురిని వెంట తెస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్ల. మెట్ల మీద కూర్చుని బొమ్మలేసుకుంటుంది. ముక్కు కింద సన్నటి గీత ఉంటుంది.

రెండేళ్ళుగా వస్తోంది ఆ పిల్ల. ఆ గీత నేను రెండేళ్ళుగా చూస్తున్నాను. మెట్ల మీద బిస్కెట్ ఇచ్చాను, తల నిమిరాను, లోపలికొచ్చి తలుపేసుకున్నాను. చాయ్ బండి దగ్గర ఆ కుర్రాణ్ణి చూసేదాకా నాకూ అది మానిపోయిన గాయమే.

"మళ్ళీ చూపించావా?" అని అడిగాను.

"ఎందుకమ్మా? అయిపోయింది కద. అందరు మంచిగైందన్నరు."

కాగితాలున్నాయా అంటే మర్నాడు తెచ్చింది. బియ్యం డబ్బాలో, ప్లాస్టిక్ కవర్లో, నాలుగు మడతలు పెట్టి దాచుకుంది. మడతల దగ్గర చిరుగుపట్టింది. మొత్తం ఇంగ్లీషు. అడుగున, సంతకం పైన, రెండు పంక్తులు. ఫాలో-అప్. ఏ వయసులో మాట చూపించాలో, ఏ వయసులో చెవి చూపించాలో, ఏ వయసులో పళ్ళు చూపించాలో, ఎనిమిదేళ్ళకు ఎముక నింపే సంగతి. అన్నీ ఉన్నాయి. టైపు కొట్టి, ముద్ర వేసి ఇచ్చారు. ఆమెకు ఇంగ్లీషు రాదని ఆ ముద్ర వేసిన చేతికి తెలియదా?

చదివి చెప్పాను.

ఆమె కాసేపు కాగితం వైపే చూసింది. "ఇదంతా దీంట్ల రాసి ఉందా అమ్మా? ఇన్నేండ్ల సంది ఇంట్లనే ఉందా?"

పిల్లను పిలిచి నోరు తెరవమన్నాను. మొదట చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎనిమిదేళ్ళకే వచ్చేసింది ఆ చెయ్యి. బతిమాలితే తీసింది. ముందు పళ్ళలో ఒకటి పక్కకు తిరిగి ఉంది. దాని పక్కన చిగురులో సందు. సందు పైన చిగురు ఉబ్బెత్తుగా ఉంది. ఆ ఉబ్బు కోరపన్నుదో కాదో నేను డాక్టర్ని కాదు, చెప్పలేను. కానీ వేలు పెడితే గట్టిగా తగిలింది.

ఆపరేషన్ ఉచితమే. ఆమెకు ఆర్టీసీ బస్సూ ఉచితమే. ఓపీకి పొద్దున ఏడింటికి లైన్లో నిలబడాలి. ఎక్స్‌రే ఒక రోజు, పళ్ళ డాక్టర్ ఇంకో రోజు, మళ్ళీ రమ్మన్న రోజు మరొకటి. ఈ నెలలోనే మూడు నాలుగు పొద్దులు పోతాయి. పోయిన నెల జ్వరమొచ్చి రెండు రోజులు మానేస్తే రెండిళ్ళలో జీతం కోశారట. అందుకే గుమ్మంలో నిలబడి, పైట చెంగు నలుపుకుంటూ అడిగింది.

"సోమవారం పోతే పైసలు కట్ చేస్తరా అమ్మా?"

నేను చేయనన్నాను.

మిగతా మూడిళ్ళ వాళ్ళూ, మీరేమంటారు?